గంగునాయుడి కాలి కొలత

డాక్టర్ బొడ్డు అప్పలస్వామిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక్కోసారి మర్నాటికే తీరేది. ఒక్కోసారి నెలలు పట్టేది. అడిగినవాడు తన ప్రశ్న తానే మరిచిపోయిన తరవాత, ఏ వార్డులోనో ఏ మంచం పక్కనో భుజం పట్టి ఆపి, "అప్పుడేదో అడిగావే" అనేవారు. మేము ఎముకల వైద్యం నేర్చుకున్నది ఆ ఎదురుచూపుల్లోనే.

ఇది జరిగి పాతికేళ్ళు దాటింది. ఉత్తరాంధ్రలో ఒక పాత ధర్మాసుపత్రి. అరిగిపోయిన తుంటి కీలు, మోకాలి కీలు తీసేసి లోహపు కీలు అమర్చడం మా వైపు అప్పుడప్పుడే మొదలైంది. ఇప్పటి పిల్లలకున్నట్టు సాధన చేయడానికి ప్లాస్టిక్ ఎముకలు మాకెక్కడివి? శనివారం పొద్దున్నే సార్ స్కూటరు ముందు గోనెసంచి పెట్టుకుని పశువుల ఎముకలు తెచ్చేవారు. వెనక వరండాలో పాత బల్లకు వాటిని బిగించి మాచేత కోయించేవారు. రంపం ఎక్కడ బరువెక్కుతోందో, ఎక్కడ తేలికవుతోందో చెవితో వినమనేవారు. మెట్ల కింద కుక్కలు వరసగా కూర్చుని, మా చదువు ఎప్పుడు పూర్తవుతుందా అని ఓపిగ్గా చూస్తుండేవి. ఆ వాసన చొక్కాలకు పట్టి మెస్సులో మా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నేను కాసేపు అక్కడే నిలబడిపోతాను.

మా జట్టులో ఆడపిల్ల విశాలాక్షి ఒక్కతే. ఎముకల విభాగంలో ఆడపిల్లకేం పనని బాహాటంగానే అనే రోజులవి. ఆమె పట్టించుకునేది కాదు. మా అందరిలోకీ ఆమె కోతే శుభ్రంగా ఉండేది. సార్‌కీ ఆ సంగతి తెలుసు, ఎప్పుడూ పైకి అనేవారు కాదు. ఆ ఏడు ఆమె వేరే నగరంలో కీళ్ళ మార్పిడి మీద జరిగిన శిక్షణకు వెళ్ళి వచ్చింది. వస్తూ స్కేళ్ళు, కోణమానినులు, ఎక్స్‌రే మీద పరిచి గీసుకునే పల్చటి కాగితాలు తెచ్చుకుంది. వచ్చిన మర్నాడే రౌండ్స్‌లో అడిగింది.

"సార్, కీలు మార్చేటప్పుడు కొలత తప్పకూడదంటే దేన్ని నమ్ముకోవాలి? ఎక్స్‌రేనా, మన చేతినా?"

సార్ కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూద్దాం" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గంగునాయుడి కేసు నువ్వే చెయ్యి" అన్నారు. అంతవరకు మా జట్టులో ఎవరికీ తుంటి కీలు మార్పిడి పూర్తిగా అప్పగించలేదు. విశాలాక్షి మొహం ఎర్రబడింది. నేను ఈర్ష్య పడలేదంటే అబద్ధమే అవుతుంది, కాని పడాల్సినంత పడలేదు.

గంగునాయుడు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వయసులో ఉండగా ఘాట్ రోడ్డులో బస్సు పల్టీ కొట్టి ఎడమ తుంటి విరిగింది. అప్పట్లో కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. ఎముక అతికింది గాని కాలు పొట్టిదైపోయింది. ఆ కుంటికాలితోనే మళ్ళీ బస్సెక్కి, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ టిక్కెట్లు కొట్టాడు. ఇప్పుడు ఆ కీలు పూర్తిగా అరిగిపోయి, మంచం దిగాలంటే పళ్ళు బిగబట్టాల్సి వచ్చేది. అయినా వార్డులో అందరికంటే ఆయన గొంతే గట్టిగా వినబడేది.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం విశాలాక్షి తన లెక్కంతా సార్ ముందు పెట్టింది. ఎక్స్‌రే మీద కాగితం పరిచి సన్నటి పెన్సిలు గీతలతో కీలు ఎక్కడ కూర్చోవాలో, కాలు ఎంత పొడుగు కావాలో గీసింది. ఎడమకాలు బొటనవేలి వెడల్పుకంటే కాస్త ఎక్కువే సాగాలి. అప్పుడు రెండు కాళ్ళూ సమానమవుతాయి. గీతలు చాలా అందంగా ఉన్నాయి. సార్ చాలాసేపు చూశారు.

"బాగుందమ్మా. ఆయన్ని నిలబెట్టి చూశావా?"

"నిలబడితే నొప్పి కదా సార్."

"ఓ క్షణం ఓర్చుకుంటాడులే."

ఆసుపత్రి వడ్రంగి కోసి ఇచ్చిన పల్చటి చెక్కపలకలు సార్ బీరువాలో ఉండేవి. గంగునాయుడు మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. విశాలాక్షి నేలమీద కూర్చుని, పొట్టికాలి కింద ఒక్కో పలకా దూర్చసాగింది. ఒకటి పెట్టింది. మరొకటి పెట్టింది. ఇంకొకటి పెట్టబోతుంటే పైనుంచి "హోల్డాన్!" అని కేక వినబడింది. బస్సు ఆపించినట్టే. వార్డంతా నవ్వింది.

విశాలాక్షి కూడా నవ్వింది. కాని ఆమె గీసిన లెక్కకు అది ఇంకా సగం దూరమే. "ఇంకొంచెం చూద్దాం నాయుడుగారూ" అని మిగిలిన పలకలు కూడా పెట్టింది. ఇప్పుడు తుంటి రెండు వైపులా సమంగా వచ్చింది. గంగునాయుడి మొహంలో నవ్వు పోయింది.

"డాక్టరమ్మా, ఎవరో నన్ను పక్కకి తోసేస్తున్నట్టుందమ్మా. తీసేయమ్మా."

ఆయన్ని పడుకోబెట్టి బయటికి వచ్చాక విశాలాక్షి వరండాలో ఆగి సార్‌తో అంది: "ఇన్నేళ్ళుగా నడుం ఒక పక్కకు వంగి అలాగే బిగుసుకుపోయింది సార్. అందుకే ఆయనకలా అనిపిస్తోంది. నెమ్మదిగా సర్దుకుంటుంది. ఇప్పుడు పొట్టిగా వదిలేస్తే, చేతగాక వదిలేశామంటారు."

"సర్దుకుంటుందంటావా?"

"సర్దుకోవచ్చు సార్."

"రేపు చేసేది నువ్వు. నీకేది సబబనిపిస్తే అది చెయ్యి" అని సార్ ఓపీకి వెళ్ళిపోయారు.

సాయంత్రం క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని ఆమె కోపంగా టీ తాగింది. "అడిగిందానికి జవాబు చెప్పరు. చెయ్యమంటారు. చేసేది తప్పా ఒప్పా అదీ చెప్పరు" అంది. గ్లాసు పక్కన పెట్టి, లేచి, తిన్నగా వార్డుకు నడిచింది. వెనకే నేనూ వెళ్ళాను. గంగునాయుడి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, నయమైతే ఏం చేస్తారని అడిగింది.

"ఏం చేస్తానమ్మా. పొద్దున్నే డిపోకెళ్తాను. గేటు పక్కన టీ కొట్టుకాడ మా పాతోళ్ళందరూ కూచుంటారు. ఇప్పుడు నన్ను ఆటోలో తీసుకెళ్ళి, ఇద్దరు పట్టుకుని దింపుతున్నారు. సిగ్గుగా ఉంటంది." తనే మళ్ళీ అన్నాడు: "ఈ కాలితోటి ఊగే బస్సులో నిలబడ్డానమ్మా. రెండు చేతులూ టిక్కెట్ల మీదే. రాడ్డు పట్టుకున్న మనిషిని కాదు. ఎలా నిలబడాలో ఈ నడుమే నేర్చేసుకుంది."

అలా అంటూ నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. విశాలాక్షి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు థియేటర్‌లో సార్ ఆమెకు ఎదురుగా, సహాయకుడి చోట నిలబడ్డారు. కొత్తగా చేరిన హౌస్‌సర్జన్‌లా గంగునాయుడి కాలు రెండు చేతులతో పట్టుకున్నారు. అరిగిన కీలు తీయడం, కటి ఎముకలో గిన్నె అమర్చడం, తొడ ఎముకలోకి కాడ దించడం అన్నీ సాఫీగా సాగాయి. ఆ కాడ చివర ఒక గుండు ఉంటుంది. గిన్నెలో తిరిగేది అదే. గుండు మెడ ఎంత పొడుగుంటే కాలు అంత పొడుగవుతుంది. అసలుది బిగించేముందు పొట్టివీ పొడుగువీ మార్చి మార్చి పెట్టి చూసుకుంటారు.

విశాలాక్షి ముందు పొడుగుది పెట్టింది. కీలు గిన్నెలోకి రావడానికి సార్ ఒంటి బలమంతా పెట్టి లాగవలసి వచ్చింది. ఠక్కుమని కూర్చుంది. కాళ్ళు చాపి చూస్తే రెండు మోకాళ్ళూ పక్కపక్కన సరిసమానంగా ఉన్నాయి. ఆమె గీసిన గీతలే మా కళ్ళముందు నిలబడ్డట్టు ఉంది. నేను మాస్కు లోపల 'భేష్' అనుకున్నాను. ఇక అసలు గుండు అడగడమే తరువాయి. ఆమె అడగలేదు. తెర అవతల మత్తులో నిద్రపోతున్న గంగునాయుడి వైపు ఒకసారి చూసింది.

"సార్?"

"నేను కాలు పట్టుకున్నవాణ్ణి. నన్నడక్కు" అన్నారు సార్.

ఆమె దాన్ని ఊడదీసి, గంగునాయుడు హోల్డాన్ అన్న కొలతకు సరిపోయే పొట్టిది పెట్టింది. ఈసారి కీలు పెద్దగా లాగకుండానే కూర్చుంది. ఇప్పుడు ఇంకో భయం: వదులుగా ఉంటే, రేపు మనిషి కుర్చీలోంచి లేవగానే కీలు జారిపోతుంది. మోకాలు మడిచి చూసింది. లోపలికి తిప్పింది, బయటికి తిప్పింది. నుదుటి మీది చెమట సిస్టరు తుడుస్తూనే ఉంది. కీలు ఎటు తిప్పినా గిన్నె వదల్లేదు. మోకాళ్ళు మాత్రం కాస్త ఎగుడుదిగుడుగా ఉండిపోయాయి.

"పొట్టిదే ఇవ్వండి సిస్టర్" అంది.

సార్ మొహంలో నాకు ఏ మార్పూ కనబడలేదు. మాస్కు ఉంది మరి.

మా విభాగంలో ఒక నియమం. ఎవరు ఆపరేషన్ చేస్తే వాళ్ళే వచ్చి ఆ మనిషిని మొదటిసారి నిలబెట్టాలి. మరునాడు విశాలాక్షి గంగునాయుడి చంక కింద చెయ్యి వేసి లేపింది. ఆయన నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని రెండు పాదాలూ నేలమీద మోపాడు. మోపి, కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ కదల్లేదు. చెంపల మీదికి నీళ్ళు కారసాగాయి.

"నాయుడుగారూ, ఏమైంది? నొప్పా? పక్కకి తోస్తున్నట్టుందా?" ఆమె వంగి ఆయన మొహంలోకి చూసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. నేల అందింది" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఈ కాలితో వెతుక్కుంటూ నడిచానమ్మా."

గంగునాయుడు ఆ తరవాత చాలా ఏళ్ళు డిపోకు నడిచి వెళ్ళాడు. మా హాస్టలుకు వెళ్ళే దారి అదే కావడంతో, టీ కొట్టు దగ్గర ఆయన గొంతు మాకు దూరం నుంచే వినబడేది. విశాలాక్షి కనబడితే లేచి నిలబడేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. నిలబడగలనని చూపించడమే ఆయన సరదా.

కాని కథ వార్డులో ముగియలేదు. చుట్టుపక్కల జిల్లాల ఎముకల డాక్టర్లు నెలకోసారి మా సెమినార్ హాల్లో కలిసేవారు. ఆ నెల పెద్ద నగరం నుంచి పేరున్న సర్జన్ ఒకాయన వచ్చారు. గంగునాయుడి ఎక్స్‌రే వెలుగుపెట్టె మీద పెట్టగానే ఆయన లేచి, జేబులోంచి స్కేలు తీసి, అడ్డంగా ఒక గీత గీసి చూపించారు.

"అమరిక బాగుంది. కాలు మాత్రం ఇంకా పొడుగు రావలసింది. ఎవరు చేశారు?"

విశాలాక్షి లేచి నిలబడింది. "నేనే సార్. కావాలనే అక్కడ ఆపాను."

"ఎందుకు?"

నడుం బిగుసుకుపోవడం గురించీ కాలు మరీ సాగితే నరం మీద పడే లాగుడు గురించీ చెప్పవచ్చు. అవన్నీ ఆమెకు తెలుసు. ఏమనుకుందో, "ఆయన చాలన్నారు సార్" అంది.

హాలంతా గొల్లుమంది. వెనక వరసలో అప్పలస్వామిగారు నవ్వలేదు. లేచి ఆమె తరఫున ఒక్క మాట కూడా అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

సార్ పోయి చాలాకాలమైంది. ఆ పాత కట్టడం కూడా లేదు. దాని స్థానంలో అద్దాల బ్లాకు లేచింది. నేను పనిచేసే చోట కీలు ఎక్కడ కూర్చోవాలో, కాలు ఎంత సాగాలో యంత్రమే వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతుంది. మంచి యంత్రమే. నా దగ్గర నేర్చుకునే పిల్లలు తెర మీది అంకెలు చూసి మురిసిపోతుంటే కాదనను. కాని అలాంటప్పుడల్లా ఆ సెమినార్ హాలు మెట్లు నాకు గుర్తొస్తాయి.

అందరూ వెళ్ళిపోయాక సార్ నెమ్మదిగా మెట్లు దిగుతున్నారు. విశాలాక్షి వెనకనుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి అందుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంతమంది నవ్వుతుంటే మీరొక్క మాట అనుంటే సరిపోయేది సార్. పోనీ నేను ఎప్పుడో అడిగిందానికైనా జవాబు చెప్పలేదు. ఆ ఎక్స్‌రేలో తప్పు ఉందా లేదా?"

సార్ ఆగారు. ఈసారి కళ్ళజోడు తీయలేదు. ఎదిగిన కూతుర్ని చూసినట్టు ఆమె వైపు చూశారు.

"ఎక్స్‌రేలో తప్పేముందమ్మా" అన్నారు. "అది మనిషిని పడుకోబెట్టి తీస్తారు."