నేరగాళ్ల పలక మీద మహారాజు

మంచుబిళ్లాటలో మా తెల్లకొండ రాజ్యాన్ని ఓడించిన రాజ్యం ఈ భూమ్మీద లేదు. ఆ ఆట ఆడే రాజ్యం ఇంకోటి లేదు లెండి.

చెరువు గడ్డకట్టగానే కాళ్లకు ఇనప పట్టీల పావుకోళ్లు కట్టుకుని, వంకీకర్రలతో చెక్కబిళ్లను ఎదుటి జట్టు గూట్లోకి కొట్టడమే ఆట. నేనూ కోట జట్టులో ఆడినవాణ్ణే. ముందుపళ్లు రెండూ బిళ్లకు సమర్పించుకున్నాక, "గువ్వన్నా, నీ నోట్లో ఈలకు చోటు బాగానే ఏర్పడింది. ఇకనుంచి నువ్వే తీర్పరివి" అన్నారు మా శరభవర్మ మహారాజు.

పదవి గొప్పదే. చిక్కల్లా ఒకటే, మహారాజుగారూ ఆడతారు.

తప్పు చేసినవాడు ఎవడైనా సరే, గట్టు మీది నేరగాళ్ల పలక మీద కాసేపు కూర్చోవాలి. అంతసేపూ వాడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. చట్టం రాజుగారు చేసిందే. నాకు ముందున్న తీర్పరి ఒకాయన రాజుగారి తప్పు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చట్టాన్ని అవమానించాడని మంచుకు బొక్క కొట్టి నీళ్లలో ముంచారు. తర్వాత వచ్చినాయన రాజుగారిని పలక ఎక్కించాడు. రాజును అవమానించాడని అదే బొక్కలో ముంచారు.

ఆ రోజు కోట జట్టుకూ వంటశాల జట్టుకూ పోటీ. ఆట మొదలయ్యేముందు, కోట జట్టులోనే ఆడే సేనాపతి గండభేరుండయ్య నా పక్కకు జారుకుంటూ వచ్చాడు. నా పదవి తన బావమరిదికి ఇప్పించుకోవాలని ఆయన ఆశ.

"బొక్క కొట్టించి ఉంచానురా అబ్బీ. నీళ్లు మహా చల్లగా ఉన్నాయి."

"తమరు దిగి చూశారా, అయ్యగారూ?" అన్నాను.

ఆట జోరందుకుంది. వంటశాలలో పులుసు కాచే నాగన్న బిళ్లతో గూటివైపు దూసుకుపోతూ దభీమని బోర్లాపడ్డాడు. సరిగ్గా అప్పుడే ఈల మోగింది.

అందరూ ఆగిపోయారు. మహారాజుగారు కర్రను వెనక్కి దాచుకున్నారు.

"ఏరా, వాడి కాలికి నేను కర్ర అడ్డం పెట్టింది చూశావా?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. గండభేరుండయ్య అప్పుడే భటులకు బొక్కవైపు సైగ చేస్తున్నాడు.

నా శాలువా తీసి పలక మీద పరిచి, వంగి దండం పెట్టాను. "ప్రభువులు దయచేయాలి."

రాజుగారు అనుమానంగానే కూర్చున్నారు.

"ఎంత పొగరు! ప్రభువును నేరగాళ్ల పలక ఎక్కిస్తావా? ముంచండ్రా వీణ్ణి!" అరిచాడు సేనాపతి.

"ఒక్క మాట, అయ్యగారూ. రాజు కూర్చున్న చోటు సింహాసనమా, నేరగాళ్ల పలకా? తమరే సెలవివ్వండి."

ఆయన నోరు తెరిచాడు. రాజుగారు ఆ నోటివైపే చూస్తున్నారు.

"సిం... సింహాసనమే."

"మరి ప్రభువు కొలువుదీరి ఉంటే, సేనాపతిగారు కర్ర పుచ్చుకుని చెరువులో గంతులేస్తారా? పక్కన చేతులు కట్టుకుని నిలబడరూ?"

గట్టు మీది జనమంతా గొల్లున నవ్వారు. సేనాపతి కర్ర పడేసి, మొహం మాడ్చుకుని గట్టెక్కాడు. కోట జట్టులో ఇద్దరు తగ్గారు. నాగన్న లేచి, పంచె దులుపుకుని, తీరిగ్గా బిళ్లను గూట్లో వేశాడు.

రాజుగారు పలక విరిగేట్టు నవ్వారు. "చట్టమూ నిలబెట్టావు, నా పరువూ నిలబెట్టావురా!" అంటూ ముత్యాల హారం తీసి నా మెడలో వేశారు. ఆపైన గొంతు తగ్గించారు.

"అది సరేగానీ, అంత గుంపులో నా కర్ర నీ కంట ఎలా పడింది?"

హారం మెడలో పడ్డాక అబద్ధమాడబుద్ధి కాలేదు.

"పడలేదు ప్రభూ. నేను ఈల వెయ్యలేదు. తుమ్మొచ్చింది."