చుక్క పెట్టిన ఫైలు

బొబ్బిలి మొత్తమ్మీద బుర్రనేది ఉంటే అది తమ ఫొటో స్టూడియోలోనే ఉందని గౌరీసుకి గట్టి నమ్మకం. సగం తనది, మిగతా సగం తమ్ముడు తవిటయ్యది.

ఆ వీధి స్టూడియోలన్నీ మేడమీది పెద్ద కంప్యూటర్లో ఫొటోలు దాచుకునేవి. ఎవరి అర వాళ్ళది, ఎవరి పాస్‌వర్డు వాళ్ళది. పొద్దున్నే మీట నొక్కితే, కంప్యూటరు చేయాల్సిన పనులు వరసగా రాసిపెట్టిన ఓ స్క్రిప్టు గౌరీసు వాళ్ళ అర తెరిచిపెట్టేది. ఓ రోజు కంప్యూటర్లు బాగుచేసే సుగుణ ఆ స్క్రిప్టు చూసి నెత్తి కొట్టుకుంది.

"పాస్‌వర్డు ఇందులోనే రాసేశారా! తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టుంది. ఇక్కడ చెరిపేసి వేరే ఫైల్లో పెట్టండి. పేరు ముందు చుక్క పెడితే ఫైలు కనబడదు. మీరు తప్ప ఎవరూ చదవకూడదు" అని చెప్పి బస్సుకి పరిగెత్తింది.

ఇంకేముంది! గౌరీసు స్క్రిప్టులో పాస్‌వర్డు చెరిపేశాడు. తవిటయ్య దాన్ని కాయితమ్మీద రాసి, అట్ట ఫైల్లో పెట్టి, పైన 'పాస్‌వర్డు' అని పేరు రాశాడు. పసిపిల్లల ఫొటోల కోసం ఉంచిన కాటుక తీసి పేరు ముందు ఇంత చుక్క పెట్టాడు.

"కనబడతందేటిరా?"

"చుక్క పెట్టాక ఎలా కనబడతాదన్నియ్యా!"

ఎదురుగానే ఉంది కదా అనిపించింది గౌరీసుకి. కానీ బుర్రున్నవాడు ఆ మాట అనొచ్చా?

అంతలో సన్యాసినాయుడు వచ్చాడు. మంచానపడ్డ తల్లికి, వీళ్ళు తీసిన మనవరాలి పెళ్ళి ఫొటోలు చూపిస్తానని మాటిచ్చాడట. ఆవిడ పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూస్తోందట. మీట నొక్కారు. అర తెరుచుకోలేదు, పాస్‌వర్డు అడిగింది. ఫైలేమో కనబడదాయె! అంతే, అన్నదమ్ములిద్దరూ కళ్ళు గట్టిగా మూసుకుని బల్లంతా తడిమారు. టీ ఒలికింది. కెమెరా దబ్బున కింద పడింది.

"ఇదేటి, దీనికోసమేనా?" అని నాయుడు ఫైలు అందుకుని, విప్పి, పైకి చదివేశాడు.

గౌరీసు గబగబా సుగుణకి ఫోను కొట్టాడు. "పరాయివాళ్ళు చదివేశారమ్మా!"

"అయితే వెంటనే పాస్‌వర్డు మార్చుకోండి!" అని బస్సులోంచి అరిచిందామె.

అంతే! ఇద్దరూ పక్క స్టూడియో నూకరాజు దగ్గరికి పరిగెత్తారు. "మాది తీసుకుని నీది ఇయ్యి. మాది పొడుగు, నీకే లాభం" అన్నాడు తవిటయ్య. నూకరాజు నవ్వు ఆపుకుంటూ ఏవో నాలుగక్షరాలు గీకిచ్చాడు.

తిరిగొచ్చి అది కొట్టారు. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టారు. ఊహూ. ఈలోగా నాయుడు పక్క కొట్టుకి వెళ్ళి, ఫొటోల కవరుతో బయటికొచ్చాడు. వీళ్ళిచ్చిన పాస్‌వర్డుతోనే వీళ్ళ అర తెరిచి నూకరాజు చిటికెలో తీసిచ్చేశాడు.

"వస్తానయ్యా, మాయమ్మ చూస్తంటాది" అంటూ నాయుడు వెళ్ళిపోయాడు.

గౌరీసు ఛాతీ పొంగింది. "చూశావట్రా! ఒక్కసారి మారిస్తేనే మనకి కూడా తెరుచుకోలేదు. ఇంకోసారి మారిస్తే దొంగ కాదు, వాడి బాబొచ్చినా తెరవలేడు. పద!" అని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఎదుటి స్టూడియోకి బయల్దేరాడు.