కంచె తెగిన చోట

ఈ కథలో ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ జరిగితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. గేదె తప్పిపోవడం ముందా, శాసనం ముందా అని చాలాసేపు ఆలోచించాను. శాసనమే ముందు.

కొండల నడుమ గండికోన అని ఒక రాజ్యం ఉండేది. దానిని ఉద్దండపాలుడు ఏలేవాడు. ఆయనకు కోటకన్నా, కొలువుకన్నా తన పశువుల దొడ్డి అంటే ఎక్కువ గర్వం. వేల పశువులుండే ఆ రాచదొడ్డిలో ప్రతి జానెడు నేలా తనకు తెలుసునని చెప్పుకొనేవాడు.

దొడ్డి తొట్లలో ఉలవల కుడితి పోస్తారు. ఆ వాసనకు ఊళ్ళలోని పశువులు తప్పించుకొని వచ్చేవి. రాజుకు ఒళ్ళు మండి శాసనం చేశాడు.

"పిలవకుండా హద్దు దాటి, అక్కడిది ఒక్క గుక్క తాగినా, ఒక్క పరక తిన్నా, ఆ జీవం ఆ దొడ్డిదే. తెలిసి వచ్చిందా, తెలియక వచ్చిందా అన్న విచారణ లేదు."

పట్టుబడ్డ పశువులకు అమావాస్య మరునాడు, రాజు దొడ్డి చూడవచ్చినప్పుడు, తొడమీద రాచముద్ర కాల్చేవారు. ముద్ర పడ్డాక ఇక ఎవరు అడిగినా ఇచ్చేది లేదు.

దొడ్డి పక్కనే గురవమ్మ పాక. పెనిమిటి పోయాక ఆమెకు మిగిలింది ఒక గేదె, దాని ఇరవై రోజుల దూడ. వానలకు దొడ్డి కంచె ఒకచోట కూలింది. ఎవరూ కట్టలేదు. అమావాస్యకు ముందురోజు గేదె అటుగా వెళ్ళి తొట్టిలో మూతి పెట్టింది. కాపలావాళ్ళు కట్టేశారు.

ఆ రాత్రంతా దూడ అరిచింది. ఇంకా గడ్డి కొరకలేని దూడ. గురవమ్మ పొరుగింట అడిగి తెచ్చిన మేకపాలలో గుడ్డ ముంచి నోటికందించినా రెండు చుక్కలు మింగి మొహం తిప్పుకొంది. తెల్లవారాక ఆమె కొలువుకు వెళ్ళి మొరపెట్టుకుంది.

"విచారణ లేదన్నామా, లేదా?" అన్నాడు రాజు. అంతే.

వాకిలి దాటుతుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. రాజుగారి విదూషకుడు కొండుభట్టు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"అవ్వా, ఇంట్లో పెరుగుందా?"

"గేదె పోయిననాడు తోడేసింది ఉంది బాబయ్యా. ముద్ద దిగక ముట్టలేదు."

"రేపు పొద్దున చిలికి, ముంతలో పోసి అరుగుమీద పెట్టు. ఎవరొచ్చినా రమ్మనవద్దు, కూర్చోమనవద్దు."

"గడపలోకి వచ్చినవాళ్ళని రమ్మనకపోతే ఎట్లా?"

"రేపొక్కరోజుకి మాట దిగమింగు. దూడ కోసం."

మర్నాడు దొడ్డిలో నిప్పులు రాజేసి ముద్ర కడ్డీలు పెట్టారు. రాజు పరివారంతో హద్దులు చూస్తూ నడుస్తున్నాడు. ఎండ మాడు పగలగొడుతోంది.

"ప్రభూ, ఆ మూల కూడా మనదేనా?" అన్నాడు కొండుభట్టు వెనకనుంచి.

"నా దొడ్డి నాకు చూపిస్తావా?" అని రాజు కూలిన కంచెలోంచి విసవిసా నడిచి, కాపరుల పాక అనుకొని గురవమ్మ అరుగుమీద చతికిలబడ్డాడు. దయచేయండి అన్న మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. పంటి బిగువున ఆపుకొంది. రాజు ముంత ఎత్తి, మజ్జిగంతా గటగటా తాగేశాడు.

కొండుభట్టు గుంజకు వేలాడుతున్న పలుపు విప్పి గురవమ్మ చేతిలో పెట్టాడు.

"అవ్వా, నీ జీవాన్ని కట్టేసుకో."

దళపతి చెయ్యి కత్తిమీదికి పోయింది.

"తల తిరుగుతోందా నీకు?" అని రాజు లేచాడు.

"పిలవకుండా హద్దు దాటారు. ముంతెడు మజ్జిగ తాగారు. విచారణ లేదు, ప్రభూ."

"శాసనం నా దొడ్డికి!"

"తమ దొడ్డికీ అవ్వ వాకిలికీ మధ్య ఉన్నది ఒకటే హద్దు. అటునుంచి దాటితే ఒక న్యాయం, ఇటునుంచి దాటితే ఇంకొకటా?"

"కంచె ఏదిరా ఇక్కడ? కంచె లేనిచోట హద్దని ఎవరికి తెలుస్తుంది?"

కొండుభట్టు తల వంచాడు. "రెండు రోజులుగా ఆ గేదె కూడా ఇదే మొర పెడుతోంది. దానికి నోరు లేక తమకు వినపడలేదు."

పాకలోపల దూడ నీరసంగా అరిచింది.

గురవమ్మ పలుపు కింద పడేసి చేతులు జోడించింది. "మహాప్రభో, కోపం తెచ్చుకోకండి. తమరిని నేనేం మేపగలను? పాలా ఇవ్వరు, పేడా వెయ్యరు. నా గేదెను నాకు ఇప్పించండి, చాలు."

రాజు మీసం అదిరింది. రెండోసారీ అదిరింది. ఆపైన ఆపుకోలేక కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. దళపతి ముందు ఆయన ముఖం చూసి, తరువాత తానూ నవ్వాడు.

నిప్పులు ఆర్పించారు. కట్టేసిన పరాయి పశువులన్నిటినీ వదిలేశారు. రాజు తన శాలువా తీసి కొండుభట్టుకు కప్పి, "ఇంకేం కావాలి?" అన్నాడు.

"పొద్దుగూకేలోగా ఇక్కడ కంచె, ప్రభూ."

గేదె వచ్చింది. దూడ మోకాళ్ళమీద పడుతూ లేస్తూ పొదుగు వెతుక్కుంది. దాని కడుపు నిండేదాకా రాజు అరుగుమీదనుంచి కదలలేదు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"అవ్వా, ఇక నన్ను వదిలేస్తావా?"

"పోయిరా నాయనా," అంది గురవమ్మ.

అమ్మాయ్ సుభాషిణీ, నేను చెప్పిందంతా రాశావుగా, పేర్లు ఒకసారి సరిచూడు. రాజుది ఉద్దండపాలుడే కదూ?