వాసనకి కాపలా

గౌరీశం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అది ఆయన అలవాటు. అనకాపల్లి అవతల తుమ్మగరువులో, బెల్లం వండే గానుగ పక్కనే ఆయన ఇల్లు. బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. పొద్దువాలేసరికి ఆయన అరుగు మీద ఊళ్ళో పెద్దవాళ్ళు నలుగురు చేరేవారు. పాఠం చెప్పించుకునే వయసు దాటిపోయినా, ఇది ఇలా ఎందుకుంది అన్న దురద మాత్రం వదలని వాళ్ళు. పాలు పొంగుతాయి గాని నీళ్ళెందుకు పొంగవని వాళ్ళలో ఒకాయన అడిగితే, "లోపల పొయ్యి మీద పాలున్నాయి, చూస్తూ కూచో" అన్నారు మాస్టారు. పాపం ఆయన రెప్ప వాల్చకుండానే చూశాడు. దోమ కుట్టిందని మోకాలు గోక్కునేలోగా పాలు కాస్తా పొంగి పొయ్యి పాలయ్యాయి. "పైన మీగడ మూత పెట్టిందా లేదా?" అని ఒక్క మాట అడిగి, తడిగుడ్డ చేతికిచ్చి పొయ్యి తుడిపించారు మాస్టారు. ఆయన దగ్గర నేర్చుకున్న చదువు కాస్త చేతులకి అంటుకునేది గాని, జన్మలో మరుపు వచ్చేది కాదు.

ఆయనకి ఉన్న ఒకే ఒక వ్యసనం ముక్కుపొడుం. జేబులో ఎప్పుడూ చిన్న రేకు డబ్బా ఉండేది. ఆ పొడుం పీల్చి పీల్చి మాస్టారి ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందనీ, పక్కన పెనంలో బెల్లం మాడిపోయినా ఆయనకి తెలీదనీ ఊళ్ళో అందరూ నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవారు.

ఆ అరుగు మీదికి చాలా నెలల తర్వాత ఒక సాయంత్రం సింహాచలం వచ్చాడు. ఒకప్పుడు పాడేరు ఘాటు రోడ్డు బస్సులో కండక్టరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సెలవు దొరికితే చాలు, మాస్టారి అరుగు మీద వాలిపోయి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవాడు. రిటైరైన ఏడాదికే పెళ్ళాం వరాలమ్మ కామెర్లు ముదిరి పోయింది. పిల్లా జెల్లా లేరు. అప్పట్నుంచీ మనిషి వీధి గుమ్మం దాటలేదు. ఇన్నాళ్ళకి ఇవాళ వీధి మలుపు తిరిగాడో లేదో, ఉడుకుతున్న చెరుకుపాకం వాసన గొంతుదాకా తియ్యగా దిగింది. చెరుకు ఆడే రోజులు వచ్చేశాయన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. మెడ చుట్టూ కండువాలా ఒక ఆకుపచ్చ చీర మడతపెట్టి వేసుకున్నాడు. అది వరాలమ్మదని అందరికీ తెలుసు.

"ఏమయ్యా, బతికే ఉన్నావా?" అన్నారు మాస్టారు.

"ఉన్నానండి. ఒక మాట అడుగుదామని వచ్చేను." కూచున్నాడు. చీర కొంగు ముక్కు దగ్గరికి తీసుకుని, మళ్ళీ వదిలేశాడు. "వాసన ఎక్కడికి పోతాదండి?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు అటు చూసేసరికి ఆ నవ్వు అక్కడే ఆగింది. సింహాచలం మెల్లగా చెప్పుకొచ్చాడు. కర్మకాండ ముగిసి, చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, ఖాళీ ఇంట్లో నిలబడితే అతనికి వరాలమ్మ వాసన వచ్చింది. కొబ్బరినూనెలో మెంతులూ, మందారాకూ వేసి ఆవిడ కాచే తలనూనె, దేవుడి మూల కర్పూరం, చారులో ఇంగువ, అన్నీ కలిసిన వాసన. ఆవిడ ఒగ్గేసి వెళ్ళింది అదొక్కటే అనిపించింది. దాన్నైనా దక్కించుకోవాలనుకున్నాడు. కిటికీలు మూశాడు. వంట పెరట్లోకి మార్చాడు. సాంబ్రాణి ముట్టించలేదు, సున్నం వేయించలేదు. పక్కింటి పైడమ్మ చీపురు పట్టుకుని వస్తే గుమ్మంలోంచే పంపేశాడు. పొద్దస్తమానం ఆ గదిలోనే కూచునేవాడు, పెరట్లోకి అడుగు పెడితే చీర మెడలో ఉండేది. అంతచేసినా అది పలచబడుతూ వచ్చింది. ఒక పొద్దున లేచేసరికి ఇంట్లో లేదు, చీరలోనూ లేదు.

"దొంగతనం ఎవరు చేసేరని ఏడవనండి? నేనే పీల్చి పీల్చి అయిపోగొట్టేను," అన్నాడు సింహాచలం. "అడుగూ బొడుగూ ఏదైనా మిగిలిందేమోనని, ఇప్పుడు ఆ గదిలో ఊపిరి కూడా చూసి చూసి తీస్తన్నాను. ఆవిడ రెండోసారి చచ్చిపోయినట్టుందండి నాకు."

మాస్టారు పొడుం డబ్బా మూత మీద వేలితో కొడుతూ కూచున్నారు. చివరికి అడిగారు: "బెల్లం వాసన వస్తోందా నీకు?"

సింహాచలానికి చివుక్కుమంది. ఇంత చెప్పుకుంటే బెల్లం సంగతా అనుకున్నాడు. అయినా మాస్టారి మాట కాదనలేక గాలి పీల్చి చూశాడు. "లేదండి. పొయ్యి ఆర్పేసినట్టున్నారు."

మాస్టారు గడ్డంతో అతని వెనక్కి చూపించారు. చేతికందే దూరంలో పెనం కుతకుతలాడుతోంది. ఆవిరి తెరలు తెరలుగా వచ్చి వీళ్ళ అరుగు మీదే వాలుతోంది. సింహాచలం లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూచున్నాడు.

"వీధి మలుపులో వచ్చిందండి, ఒట్టు!"

"వచ్చింది. తర్వాత నువ్వొచ్చి ఇక్కడ కూచున్నావు కదా. ముక్కు కాపలా కుక్క లాంటిదయ్యా. కొత్తవాడొస్తేనే మొరుగుతుంది. ఇంట్లోవాణ్ణి చూసి మొరగదు."

"అయితే మా ఇంట్లో ఉందంటారా?" సింహాచలం ముందుకి జరిగాడు.

"నన్నడిగితే ఏం లాభం? నాకు ముక్కే లేదు," అన్నారు మాస్టారు. "పాడేరులో మా చెల్లెలు నరసాయమ్మ ఉంది. కొత్త బెల్లం దిమ్మ ఒకటి పంపించాలి. పట్టుకెళ్ళు. నాలుగు రోజులు ఉండి రా. ఆ చీర మాత్రం ఇంట్లో పెట్టెలో పెట్టి వెళ్ళు."

సింహాచలం బెదిరిపోయాడు. చీర లేకుండానా? ఇల్లు ఒంటరిగా వదిలేసా? పైడమ్మ తాళం తీయించి కిటికీలు బార్లా తెరిస్తే? ఏ మూలో కాస్త ఉన్నది, తను లేనప్పుడు అదీ పోతే? అవన్నీ గబగబా అడిగేశాడు.

"నేను కాపలా కూచుంటాను, మీ అరుగు మీద," అన్నారు మాస్టారు.

"మీకు వాసనే తెలీదు గదండీ!" అనేసి, సింహాచలం నాలిక్కరుచుకున్నాడు.

మాస్టారు పకపకా నవ్వారు. "అందుకే చెబుతున్నాను. పాలకి పిల్లిని కాపలా పెడతారా ఎవరైనా? పాలు ముట్టనివాణ్ణి పెట్టాలి."

మర్నాడు సింహాచలం తాళం వేసి, తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టి, వెనక్కి చూసుకుంటూ బస్సెక్కాడు. ఎన్నో ఏళ్ళు తను టిక్కెట్లు కొట్టిన రూటే. ఇప్పటి కండక్టరు కుర్రవాడు, ఇతన్ని ఎరగడు. డబ్బులు తీసుకుని టిక్కెట్టు చించి ఇచ్చి ముందుకి వెళ్ళిపోయాడు. ఘాటులో ఒక స్టాపు దగ్గర జనం ఎక్కడం అయిపోగానే సింహాచలం నోట్లోంచి "రైట్!" అని గట్టిగా వచ్చేసింది. బస్సంతా తిరిగి చూసింది. అతను సిగ్గుపడి బెల్లం మూట మీద చేతులు పెట్టుకుని కిటికీలోంచి లోయకేసి చూస్తూ కూచున్నాడు. మెడ బోసిగా, చల్లగా ఉంది. లోకంలో తనని ఎరిగినవాళ్ళెవరూ మిగల్లేదనిపించింది.

నరసాయమ్మ గారి ఇంట్లో అడుగు పెట్టగానే వేయించిన కాఫీ గింజల వాసన గుప్పుమంది. "బాగుందమ్మా మీ ఇంటి వాసన" అన్నాడు. "వాసనేమిటి బాబూ?" అందావిడ తెల్లబోయి. మర్నాడు పొద్దున లేచి చూస్తే అతనికీ ఆ వాసన లేదు. వంటింట్లోకి వెళ్ళి చూశాడు, గింజల డబ్బా ఉన్నచోటే ఉంది. అది చూసిన దగ్గర్నుంచి అతనికి కాలు ఒకచోట నిలిచింది కాదు. ఆశ పుట్టింది, దాని వెనకే భయమూ పుట్టింది. పడుకోబోతే చేతులకి ఏం పట్టుకోవాలో తెలిసేది కాదు. ఒకసారి దుప్పటి చెంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఛీ, ఇదేం ఖర్మ అని తనని తనే తిట్టుకున్నాడు. అప్పుడు వరాలమ్మ మాట గుర్తొచ్చింది. డ్యూటీ దిగి ఇంటికి రాగానే, చెప్పులు విప్పుతూ విప్పుతూ, "ఏటే, ఇయ్యాల నూనె కాచేవా?" అని అడిగేవాడు. "కాచి వారమయ్యింది. నీ ముక్కుకి రోజూ పండగే! నాకేం వాసన రాదే?" అనేది ఆవిడ. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. ఆవిడ ఎక్కడికీ వెళ్ళింది కాదు, ఆ ఇంట్లోనే ఉండేది.

నాలుగు రోజులుండి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. మాస్టారు నిజంగానే సింహాచలం అరుగు మీద గోడకి జారబడి కూచుని ఉన్నారు. పైడమ్మ ఆయనకి టీ గ్లాసు అందిస్తూ సాధిస్తోంది. "వాసనకి కాపలాటండీ! ఎక్కడైనా ఉందా ఈ చోద్యం? చదువుకున్నవాళ్ళు మీరైనా చెప్పాలి గాని!" మాస్టారు టీ తాగుతూనే తాళంచెవి సింహాచలం వైపు చాపారు.

తాళం తీశాడు. తలుపు తోశాడు. ఇన్నాళ్ళ అలవాటు చొప్పున ఊపిరి బిగబట్టే లోపలికి అడుగేశాడు. అది గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి నిండా పీల్చాడు.

వచ్చింది. మెంతుల నూనె, కర్పూరం, ఇంగువ, మూసిన గది మగ్గిన వాసన, వాటన్నిటి మధ్య వరాలమ్మ. ఎదురుగా నిలబడ్డట్టే వచ్చింది. తనకి తెలీకుండానే ఒక చెప్పు విప్పి, రెండోది విప్పుతూ, "ఏటే వరాలూ, ఇయ్యాల నూనె కాచేవా?" అనేశాడు.

ఇల్లు మాట్లాడలేదు. అతను ఆ జవాబు కోసం నిజంగానే ఒక్క క్షణం ఆగాడు. ఆగి, అక్కడే గోడ పట్టుకుని కూలబడి, ఆవిడ పోయిన రోజున కూడా ఏడవనంత ఏడ్చాడు. ఏడుస్తూనే మళ్ళీ పీల్చాడు, కాస్త ఉంది. ఆ తర్వాత పీలిస్తే లేదు. ఎప్పటిలాగే ఏ వాసనా లేని తన ఇల్లు, మూసిన కిటికీలు, దేవుడి మూల ఆరిపోయిన దీపం.

కాసేపటికి బయటికొచ్చి మాస్టారి పక్కన అరుగు మీద కూచున్నాడు. పైడమ్మ అతని మొహం చూసి, గ్లాసు పట్టుకుని తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"ఉందండి," అన్నాడు. "పోలేదు."

మాస్టారు తల ఊపారు.

"కానీ ఎంతసేపండీ!" సింహాచలానికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. "గుమ్మం దాటినంతసేపు. రెండంటే రెండు ఊపిర్లు. ఇట్టే వచ్చి అట్టే పోయింది. మాట్లాడితే జవాబైనా లేదు. ఆ పాటి దానికి నేను ఊళ్ళు పట్టి తిరగాలేటండీ? రెండు ఊపిర్లతో ఎలా బతకమంటారు?"

మాస్టారు జేబులోంచి పొడుం డబ్బా తీశారు. మూత తియ్యబోయి, తెరిచి ఉన్న తలుపుకేసి చూసి, తియ్యకుండానే మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"ఆవిడ ఉన్న రోజుల్లో మాత్రం," అన్నారు, "అంతకంటే ఎక్కువసేపు వచ్చేదా, సింహాచలం?"