రాజమాతపై నేరం

పూర్వం సముద్రపుటొడ్డున సింధుగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్నేలే కీర్తిధవళుడికి తన తెల్లని మేనిఛాయ అంటే గర్వం. తన కళ్ళు ఎన్నడూ పొరబడవని అంతకు మించిన గర్వం.

ఒకనాడు తలారి ఒక స్త్రీనీ, ఆమె చంకనున్న పిల్లనూ సభకు తీసుకొచ్చాడు. ఆమె పేరు పైడమ్మ. వలలు అల్లి బతికేది. మనిషి నల్లగా ఉంది. పిల్ల తెల్లగా ఉంది.

"ఈ బిడ్డను ఎక్కడ ఎత్తుకొచ్చావు?" రాజు గద్దించాడు.

"నా కడుపున పుట్టిందే దొరా! మరియం దీని పేరు. దీని నాన్నది సముద్రం అవతలి దేశం. మా వాడలోనే ఉండిపోయి నన్ను పెళ్ళాడాడు. ఇప్పుడు ఓడ మీద వెళ్ళాడు. మావాళ్ళను ఎవరినైనా అడగండి."

"అడగనక్కరలేదు, నా కళ్ళే సాక్ష్యం. రంగు కలవని బిడ్డ నీదెలా అవుతుంది? పిల్లను తీసుకోండి!"

భటుడు చెయ్యి చాచగానే పిల్ల తల్లి మెడను వాటేసుకుని బావురుమంది.

ఆ కొలువులో గంగరసు అనే చమత్కారి ఉండేవాడు. అతను లేచి చేతులు జోడించాడు.

"దివ్యమైన తీర్పు ప్రభూ! అయితే ఇదే నేరం చేసిన మరొకావిడ నగరంలోనే ఉంది. ఆమె నలుపు, కొడుకు తెలుపు. గొప్పింటావిడ కనుక ఎవరూ అడగరు."

"ఎంతటిదైనా సరే, పిలిపించు! రెండు తీర్పులూ కలిపే చెబుతాను."

కాసేపటికి పల్లకి దిగి లోపలికి వచ్చింది రాజమాత. సభంతా లేచి నిలబడింది.

"ఏం నాయనా, నిన్ను నేనెక్కడి నుంచో ఎత్తుకొచ్చానట. గంగరసు కబురు పెట్టాడు. తీర్పు చెప్పు, వింటాను" అంది.

రాజు ఆమె నల్లని చేతిని చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. గంగరసు తల ఇక ఎగిరిపోతుందనుకున్నారు అందరూ. కానీ రాజు పకపకా నవ్వాడు. సింహాసనం దిగి పైడమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు నాది తల్లీ, మన్నించు" అన్నాడు.

పిల్ల ఏడుపు ఆపి అడిగింది: "నువ్వు కూడా మీ అమ్మలా లేవా?"

"లేనమ్మా. రంగు నాన్నది, కళ్ళు అమ్మవి. మొండితనం కూడా అమ్మదే."

"అది మీ నాన్నదే!" అంది రాజమాత.

"నా రంగూ నాన్నదే. నవ్వు మాత్రం అమ్మది" అని మరియం నవ్వి చూపించింది. అచ్చం పైడమ్మ నవ్వే.

రాజు తన చేతి కడియం తీసి గంగరసుకు తొడిగాడు. "నిండు సభలో నా తప్పు నాకే చూపించావు. ఎంత గుండె ధైర్యమయ్యా నీది!"

"ధైర్యం నాది కాదు ప్రభూ! అమ్మగారు వస్తే నా తల దక్కుతుందని తెలిసే నోరు విప్పాను."