దొరగారి పేదరికం

పూర్వం రోము నగరంలో వారియస్ అనే ధనవంతుడు వేదాంతం బోధించేవాడు. ఏటా చలికాలంలో కొన్నాళ్లు పేదవాడిలా బతికి, పేదరికానికి భయపడాల్సిన పనిలేదని శిష్యులకు చూపించేవాడు. ఆ పేదరికానికి కావలసిన సరంజామా మాత్రం ఆ ఇంట్లో వంటకత్తె ఫుస్కా దగ్గరే ఉండేది. ఆమె గడ్డిపరుపు, చిరుగుల కంబళి దొరగారు పాఠం చెప్పే గదికి వెళ్లిపోయేవి. ఆమె వట్టి బండల మీద వణికేది. కిందటేడు ఆ చలికి జబ్బుపడి, చావు తప్పి బయటపడింది.

ఈసారి పొద్దున్నే నడుం పట్టుకుని లేచిన వారియస్, శిష్యులతో తన పడకగదిలోకి వెళ్లేసరికి పట్టుపరుపు మీద ఫుస్కా పడుకుని ఉంది.

"ఏమే, కొరడా తెప్పించనా?"

"కష్టసుఖాలు రెండింటినీ చలించకుండా భరించాలన్నారు కదా దొరా," అంది ఫుస్కా లేచి కూర్చుంటూ. "కష్టం నాకు పుట్టుకతోనే అలవాటు. సుఖాన్ని భరించడమే రాదు. మీరు నా పరుపు మీద సాధన చేస్తున్నారని, ఖాళీగా ఉన్న మీ పరుపు మీద నేనూ మొదలుపెట్టాను. ఎలాగో ఓర్చుకుంటున్నాను."

ఒక శిష్యుడు నవ్వు దాచుకోడానికి దగ్గాడు.

"ముందు దిగు," అన్నాడు వారియస్.

"మీ సాధన ముగిసిన క్షణాన నాదీ ముగుస్తుంది దొరా. పోయిన వస్తువు కోసం జ్ఞాని బాధపడడని నిన్ననే చెప్పారు."

శిష్యులందరూ గురువుగారి ముఖంలోకి చూశారు. కొరడా మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. పేదరికం తనకు పూర్తిగా వంటబట్టిందని, ఇక సాధన అక్కర్లేదని ప్రకటించాడు.

మధ్యాహ్నానికి గడ్డిపరుపు, కంబళి వంటింటికి తిరిగొచ్చాయి. కంబళికి పన్నీటి వాసన పట్టింది. ఫుస్కా దాన్ని ఎండలో వేసి, ఆ వాసన పోయేదాకా దులిపింది.