వాగు దాటని మాట

మద్దిచెట్ల అడవి మొత్తానికి రాజు ఒక్క సింహమే. అయినా మధ్యలో వాగు పారుతోందని, నేరాల విచారణకు తూర్పు ఒడ్డున నక్కను, పడమటి ఒడ్డున తోడేలును పెట్టింది. ఇద్దరూ రాజుగారి పేరు చెప్పే బెదిరిస్తారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒకరికొకరు ముఖపరిచయమైనా లేనట్టు ఉంటారు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

రాజుగారి తేనెపట్లు ఎవరూ ముట్టకూడదు. ఇద్దరు పిల్లల తల్లి ఎలుగమ్మ ఆకలికి ఆగలేక ముట్టింది. తూర్పున రెండు, పడమట మూడు. తూర్పున నక్కకు దొరికిపోయింది.

"ఉన్నదంతా ఒప్పుకో ఎలుగమ్మా. నెల రోజులు రాజుగారి గుహ ఊడువు. ఆ తర్వాత నీమీద ఏ కేసూ ఉండదు. ఇదిగో, ఈ టేకాకు మీద నా పంజా ముద్ర!"

"ఉన్నదంతా అంటే, ఆ ఒడ్డువి కూడానా అయ్యా?"

"ఏది దాచినా ఒప్పందం చెల్లదు మరి."

పిచ్చి తల్లి ఐదూ చెప్పేసింది. నక్క శ్రద్ధగా రాసుకుంది. ఎలుగమ్మ నెల రోజులూ నడుం పడిపోయేలా ఊడ్చింది.

ఆ మర్నాడే తోడేలు వచ్చి ఆమె గుహ ముందు నిలబడింది.

"పడమట మూడు పట్లు తిన్నావు. రేపటిలోగా అడవి విడిచిపో."

"ఈ వానల్లో పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోనయ్యా? కేసు లేదని నక్కగారు ముద్ర వేశారు, చూడండి!"

"అది తూర్పు ముద్ర. నాకేం సంబంధం?"

"అసలు నేను తిన్నట్టు మీకెవరు చెప్పారు?"

"నువ్వే. నువ్వు చెప్పిందంతా నక్క రాసి పంపింది."

"నేను ఒప్పుకున్న తప్పు వాగు దాటుతుంది గానీ, నాకిచ్చిన మాట దాటదా?"

"దాటదు," అంది తోడేలు.

ఎలుగమ్మ ఏడుస్తూ సింహం దగ్గరికి పరుగెత్తింది.

సింహం ఆవలించింది. "పడమటి ముద్ర ఉందా?"

"ఇద్దరూ మీ మనుషులే కదా ప్రభూ!"

"నా మనుషులే. ముద్ర ఉందా?"

"లేదు. అది కూడా అడగాలని నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు అడిగి ఉంటే చెప్పేవాళ్ళు," అని సింహం అటు తిరిగి పడుకుంది.

ఇలాంటి న్యాయం మీద ఎవరికి మొరపెట్టుకుంటాం? ఎలుగమ్మ ఆ వానలోనే పిల్లలతో అడవి విడిచిపోయింది.

వారం తిరక్కుండా నక్క ముళ్ళపందిని పట్టుకుంది. "ఉన్నదంతా ఒప్పుకో, కేసు లేకుండా చూస్తాను."

"ముందు తోడేలును పిలిచి ముద్ర వేయించండి," అంది ముళ్ళపంది.

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఎలుగమ్మ నమ్మింది కదండీ," అని ముళ్ళపంది నోరు మూసుకుంది. ఆ తర్వాత ఆ అడవిలో నక్క ముందు ఎవరూ నోరు తెరవలేదు.

నీతి: మాట ఇచ్చేవాడి అధికారం ఎంతవరకో తేల్చుకోకుండా గుట్టు విప్పకూడదు.